ఇంటి చెరువు మూసిన చలికాలం

మా ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ ఉందంటే తాడేపల్లిగూడెంలో ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మినవాళ్ళు నవ్వుతారు. ఆకివీడు దగ్గర చేపల చెరువులు పెట్టుకున్న మనిషి, ఇంట్లో చేపలు లేని చెరువు కట్టించుకోవడమేమిటని వాళ్ళ నవ్వు. మా వారు దాన్ని కట్టిస్తున్నప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. ఆయన వినలేదు. ఆ ఏడు చేపకి మంచి ధర పలికింది. అలాంటి ఉత్సాహంలో కొందరు కారు కొంటారు, కొందరు మేడ మీద మేడ వేస్తారు. ఈయన నీళ్ళ మనిషి కనుక నీళ్ళే కట్టించుకున్నారు. ఊళ్ళో దానికి 'ఇంటి చెరువు' అని పేరు పడింది.

కట్టించిన సరదా రెండు వేసవులు నిలిచింది. చుట్టాల పిల్లలు వచ్చి ఈదారు, మునిగారు, అరిచారు, వెళ్ళిపోయారు. ఆ తర్వాత అందులో రాలిన ఆకులు తీయించడం నా పనుల్లో ఇంకో పని అయింది. నేను వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. నీళ్ళు ఊరికే నిలబడి ఉంటే నాకు నచ్చదు. వాటికింద ఏదో ఒకటి పండాలి. ఆ మాట ఆయనతో చాలాసార్లు అన్నాను. నాకు తెలిసిన సంగతి తెలుసని చెప్పడానికి నేను మొహమాటపడను. మా అత్తగారి కాలంలో దాన్ని పొగరు అనేవారు, ఇప్పుడు కాన్ఫిడెన్స్ అంటున్నారు.

ముందటేడు మా వారికి పక్షవాతం వచ్చింది. చెయ్యి త్వరగానే దారికొచ్చింది, మాట కొంచెం మెత్తబడింది, ఎడమ కాలు మాత్రం మొండికేసింది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలోనే, చెరువులు చూడకపోతే ప్రాణం నిలవదని, ఆకివీడు తీసుకెళ్ళమని గొడవ పెట్టారు. తీసుకెళ్ళాను. ఆరోజు పట్టుబడి. అంటే చేపలు పట్టి లారీలకెత్తే రోజు. వల లాగేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, తూకం వేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, గట్టు నిండా జనం. కర్ర పట్టుకుని గట్టు మీద నాలుగడుగులు వేశారో లేదో, ఎడమ కాలు మడతపడి కూలబడ్డారు. దెబ్బ తగల్లేదు. పరుగున వచ్చి తలా ఒక చెయ్యీ వేసి ఎత్తి కారులో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చాక ఒక్క ముక్క అన్నారు.

"గంపలో చేపని ఎత్తినట్టు ఎత్తారే నన్ను."

అంతే, మళ్ళీ చెరువు మొహం చూడలేదు. మా మరిది చూసుకుంటున్నాడు. బుద్ధిమంతుడు, ప్రతి చిన్న విషయానికీ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఏం చెయ్యమంటారు?" అని అడిగేవాడు. "నీ ఇష్టంరా" అనేవారు ఈయన. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోట ఎవరితోనూ నీ ఇష్టం అనే మాట నేను వినలేదు. అది వింటే నాకు కాలు సంగతి కంటే ఎక్కువ భయం వేసేది. ఇంట్లో కూడా నేల మీద అడుగు వెయ్యాలంటే గోడో నా భుజమో ఉండాలి. ఏదీ లేకపోతే చక్రాల కుర్చీ.

అప్పుడు పనికొచ్చింది ఆ ఇంటి చెరువు. తాడేపల్లిగూడెం నుంచి మా ఊరు వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి దాన్ని చూసి, "ఇది పెట్టుకుని మంచం మీద చేయిస్తున్నామేంటండీ!" అంది. మర్నాటి నుంచే నీళ్ళలో నడక మొదలైంది. మొదట్లో తాడు పట్టుకుని, తర్వాత తాడు వదిలేసి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవారు. నీళ్ళలో పడితే ఎవరూ వచ్చి ఎత్తక్కర్లేదు, నీళ్ళే ఎత్తుతాయి. ఆ ధైర్యంతో కాలికి బలం వచ్చింది. మెట్లెక్కి పైకి వచ్చారంటే మాత్రం మళ్ళీ కుర్చీ. నీళ్ళలో పెద్దమనిషి, ఒడ్డున పసిపిల్లాడు. వర్షాకాలమంతా అలాగే గడిచింది.

కార్తీకం వెళ్ళి మంచు మొదలయ్యాక పొద్దున్న నీళ్ళు చల్లబడ్డాయి. చలికి ఆ కాలు కర్రలా బిగుసుకుపోవడం మొదలైంది. అమ్మాయి చూసి, చలి తగ్గేదాకా పూల్ మూసేయమంది.

"మరి నడక?" అన్నారు ఈయన.

"నేల మీదేనండి. కాలికి బలం వచ్చేసిందండి. ఇంక మీరు వెయ్యాలి, అంతే."

"నేల మీదా?" అన్నారు, నిప్పుల మీద నడవమన్నట్టు.

కొత్త సంవత్సరం వచ్చాక పెద్ద చెరువు పట్టుబడి. ఈసారి ఆయన ఆ గట్టు మీద తన కాళ్ళ మీద నిలబడాలని నా పట్టుదల. ఆయనకీ అదే కోరిక. పైకి అనరు గానీ, పట్టుబడి మాట ఎత్తితే టీవీ సౌండు తగ్గిస్తారు. నేల మీద నడవకపోతే గట్టు మీద ఎలా నిలబడతారు? నేల మీద నడవాలంటే పడతాననే భయం పోవాలి. దానికి మందు ఏ డాక్టరూ రాయలేదు.

అమ్మాయి చెప్పిన మూడోనాడు ఆయన కాఫీ తాగుతూ, "మూసేద్దాం. కానీ సరిగ్గా మూద్దాం. నీళ్ళన్నీ తోడించి, అడుగు ఎండగట్టి, సున్నం కొట్టించి వదిలేద్దాం. చలి తగ్గాక కొత్త నీళ్ళు పెడదాం" అన్నారు.

అది చేపల చెరువు పద్ధతి. పట్టుబడి అయ్యాక చెరువు ఖాళీ చేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్ళీ నీళ్ళు పెడతారు. జబ్బులు పోతాయి. జీవితమంతా చేసిన పని కనుక ఆయనకి చెరువు మూయడమంటే అదే. పూల్ కట్టిన విజయవాడ మేస్త్రీకి ఫోన్ చేశాను. "ఖాళీ చెయ్యొద్దండమ్మా. మీ వైపు భూమిలో నీళ్ళు పైనే ఉంటాయి. నీళ్ళుంచేసి, మందేసి, పైన కప్పేయండి చాలు" అన్నాడు. స్పీకర్ పెట్టి ఈయనకి వినిపించాను.

"వాడు ఎన్ని చెరువులు చూశాడు?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "మా పుట్టింట్లో సంపు సంగతి గుర్తులేదా? కడగడానికి ఖాళీ చేస్తే తెల్లారేసరికి జానెడు పైకి లేచింది. సిమెంటు తొట్టె కదండీ. ఖాళీ గిన్నెని నీళ్ళలో పెడితే తేలదా?"

"అది వానాకాలం. ఇప్పుడు సార్వా వరి కోతలైపోయాయి. చుట్టూ చేలు ఎండిపోయి ఉన్నాయి. ఊట ఎక్కణ్ణించి వస్తుందే?"

తప్పు పట్టడానికి వీల్లేని మాట. అంతకంటే ముఖ్యం, అన్న తీరు. గొంతు పెరిగింది, చెయ్యి టేబుల్ మీద పడింది. వెంటనే ఫోన్ తీసి మా మరిదికి చెప్పారు. "చెరువు దగ్గరి డీజిలు ఇంజను వేయించుకు రా. పెద్ద పైపు తే. రేపు పొద్దున్నే మొదలెట్టాలి." 'నీ ఇష్టం' అన్న మాట అందులో ఎక్కడా లేదు. అవతల మా మరిది ఎంత సంతోషపడ్డాడో, "అలాగేనన్నయ్యా, అలాగే" అని అన్నిసార్లు అన్నాడు.

నేను ఆలోచించుకున్నాను. కాదని గట్టిగా పట్టుబడితే నా మాటే నెగ్గుతుంది. మా ఇంట్లో చాలాసార్లు నెగ్గింది. కానీ ఏడాదిన్నర తర్వాత ఈ మనిషి మళ్ళీ ఒక పని నెత్తికెత్తుకున్నాడు. నోరు మూయించానంటే మళ్ళీ టీవీ ముందుకే వెళతాడు. అలాగని పూల్ అడుగు పగిలితే వేసవికి ఆయనకి నడిచే చోటే ఉండదు. అందుకని ఒప్పందం చేసుకున్నాను.

"ఎక్కడైనా తడి ఊరితే ఇంజను ఆపిస్తానని మాటివ్వండి."

"చెరువు సంగతి నాకు చెబుతావేమిటే నువ్వు!"

"మాటివ్వండి."

"సరే లేవే, ఇచ్చాను."

మర్నాడు మంచు విడిచేసరికి ఇంజను దిగింది. దాంతో పాటు మా మరిదీ, చెరువు మీద ఎప్పటినుంచో ఉంటున్న కాపలా అతనూ వచ్చారు. ఇంజనును పెరటి ప్రహరీ పక్కన పెట్టి, ఒక పైపు పూల్‌లో లోతు వైపు దింపి, ఇంకొకటి గోడ బయట చేలకి నీళ్ళు పారే పంట బోదెలోకి వదిలారు. తిప్పగానే డగడగా మొదలైంది. ఆ మోతకి పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. మా వారు మాత్రం మంకీ క్యాపు పెట్టుకుని, శాలువా కప్పుకుని, పూల్ ఒడ్డున కుర్చీలో కూర్చుని పాట కచేరీ వింటున్నట్టు విన్నారు. చెయ్యెత్తితే పైపు జరిగింది, వేలు తిప్పితే ఇంజను స్పీడు పెరిగింది. మాట వినపడని చోట చేత్తోనే పని నడిపించారు. చెరువు గట్టున ఆయన ఎలా ఉండేవారో పెళ్ళయిన కొత్తలో చూశాను. మళ్ళీ ఆ మనిషే కనిపించి నాకు కళ్ళు చెమర్చాయి. పొగ వల్ల అని చెప్పాను.

పొద్దెక్కేసరికి లోతు తక్కువ వైపు దాదాపు ఖాళీ అయింది. చీలమండ దాకా నీళ్ళు మిగిలాయి. అడుగు చూడాలన్నారు. నేనూ మరిదీ పట్టుకుని మెట్లు దింపాం. అక్కడ స్టీలు కమ్మీ ఉంది. ఒక చేత్తో అది పట్టుకుని, రెండో చేత్తో కర్ర పట్టుకుని నిలబడ్డారు. మరిది మళ్ళీ ఇంజను దగ్గరికి వెళ్ళాడు. నేను అందరికీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ఆ తర్వాత జరిగింది ఆయన చెబితే తెలిసింది. కర్రతో అడుగున పలకలు కొట్టి చూస్తున్నారట. ఒకచోట గట్టిగా పలికింది, ఇంకొకచోట డొల్లగా పలికింది. వంగి చూస్తే మూల పలకల సందులోంచి సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి. పూల్ నీళ్ళలా నీలంగా లేవు, బురద రంగులో ఉన్నాయి. ఆయనకి క్షణంలో అర్థమైంది. పక్క చెరువు నిండుగా ఉన్నప్పుడు ఈ చెరువు ఎండగడితే గట్టు కింద నుంచి వచ్చే ఊట అది. ఇంకాసేపు తోడితే అడుగు పైకి లేస్తుంది.

"ఆపండ్రా!" అని కేకేశారు. జబ్బు తర్వాత మెత్తబడిన గొంతు, అవతల డీజిలు ఇంజను. ఎవరికి వినపడుతుంది? మరిదీ కాపలా అతనూ ఇటు వీపు పెట్టి, గోడ మీంచి బోదె వైపు చూస్తూ మాట్లాడుకుంటున్నారు. చెయ్యి ఊపారు. చూడలేదు. నన్ను పిలిచారు. పక్క పొయ్యి మీద కుక్కర్ విజిల్ మోతలో నాకు వినపడలేదు. ఆఖరికి చేతిలో కర్రే వాళ్ళ మీదికి విసిరేశారు. అది వాళ్ళదాకా వెళ్ళలేదు, క్రోటన్ మొక్కల్లో పడింది.

నేను టీ గ్లాసుల పళ్ళెంతో పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన పూల్‌లో లేరు. సిమెంటు పెరటి మధ్యలో ఉన్నారు. చేతిలో కర్ర లేదు, పక్కన గోడ లేదు, నా భుజం లేదు. నడుస్తున్నారు. శాలువా జారి నేల మీద ఈడుస్తోంది. కళ్ళు ఇంజను మీదే ఉన్నాయి. నేను కదల్లేదు. పిలిస్తే ఆగుతారు, ఆగితే పడతారు. పళ్ళెం కింద పెట్టడానికి కూడా భయపడి అలాగే నిలబడ్డాను.

వెళ్ళారు. ఇంజను ఆపారు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం అయిందంటే, బోదెలో కొంగ లేచిన చప్పుడు కూడా వినపడింది.

"పిలుస్తుంటే చెవులు పనిచెయ్యట్లేదా మీకు? కింద ఊట లేస్తోంది. పక్క చేలో ఎవరో నీళ్ళు పెట్టుంటారు, చూడండి!"

కాపలా అతను గోడెక్కి చూశాడు. "ఆయ్, పెట్టారండి. దాళ్వాకి ఆకుమడి వేస్తున్నారండి. నిన్నే తడిపినట్టున్నారండి."

సార్వా కోత అయితే చేలు ఎండుతాయన్న సంగతి ఆయనకి గుర్తుంది. ఆ వెంటనే రెండో పంటకి, దాళ్వా నారుకి, తడుపుతారన్న సంగతి మర్చిపోయారు. వరి వదిలేసి చేపల్లోకి వెళ్ళిన వాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. తర్వాత దాని గురించి చాలా చెప్పాను, ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. ఆ క్షణంలో మాత్రం ఆ మాట నా నోటికి రాలేదు.

ఎందుకంటే అప్పుడే ఆయనకి తెలిసొచ్చింది, తానెక్కడ నిలబడ్డారో. మొహంలో రంగు పోయింది. వేడిగా ఉన్న ఇంజనునే పట్టుకోబోయారు. మా మరిది "అన్నయ్యా!" అంటూ పట్టుకోవడానికి ఉరికాడు.

"నువ్వాగు" అన్నాను. ఆగాడు.

"కుర్చీ తే" అన్నారు ఆయన, నా వైపు చూసి. కుర్చీ పూల్ ఒడ్డున ఖాళీగా ఉంది. తెచ్చి ఇవ్వడం ఒక్క నిమిషం పని.

"కుర్చీ ఎందుకండీ? టీ చల్లారిపోతోంది, ఇటు రండి" అన్నాను. అని పళ్ళెం గుమ్మం పక్క బల్ల మీద పెట్టి, ఆయన గ్లాసు ఒక్కటి విడిగా చివర పెట్టాను. నా గొంతు మామూలుగానే పలికింది.

ఆయన నన్ను తిట్టుకున్నారని పెదవులు చూస్తే తెలిసింది. తర్వాత ఒక అడుగు వేశారు. కాలు వణికింది, నిలబడింది. ఇంకొకటి వేశారు. సగం దూరం వచ్చాక ఆగి, ఊపిరి పీల్చుకుని, "పంచదార వేశావా?" అన్నారు. "వచ్చి చూసుకోండి" అన్నాను. వచ్చారు. బల్ల మీద కూర్చుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని మొత్తం తాగేశారు. మా మరిది క్రోటన్లలో కర్ర వెతికే నెపంతో అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

పూల్ నుంచి ఇంజను దాకా సిమెంటు మీద ఆయన తడి పాదాల గుర్తులున్నాయి. కుడివి పూర్తి పాదాలు. ఎడమది ప్రతిచోటా కొంచెం ఈడ్చిన చార. ఎండకి అవి ఆరిపోయేదాకా ఎవర్నీ అటు తొక్కనివ్వలేదు నేను.

గ్లాసు కింద పెట్టగానే మళ్ళీ పని మొదలైంది. ఊట ఆగాలంటే లోపల బరువు ఉండాలి, వెంటనే నీళ్ళు నింపాలి. మా బోరు మోటారుతో అయితే రెండ్రోజులు పడుతుంది. పైపులు తిరగేసి బోదె నీళ్ళు లోపలికి పెట్టమన్నారు. "ఆ మురికి నీళ్ళా?" అన్నాను. "మురికి నీళ్ళు మార్చుకోవచ్చు. అడుగు లేస్తే ఏం చేస్తావు?" అన్నారు. అది మాత్రం ఒప్పుకున్నాను. సాయంత్రానికి మా నీలం పూల్ పాలు తక్కువైన టీ రంగులో నిండుగా నిలబడింది. మూలన రెండు పలకలు లేచాయి, అంతే. మర్నాడు చూస్తే అందులో చేపపిల్లలు కూడా తిరుగుతున్నాయి. బోదె నీళ్ళతో పాటు పైపులోంచి వచ్చినవి.

"మందేసి చంపెయ్యమంటారా?" అని కావాలనే అడిగాను.

"నోరు ముయ్యి" అన్నారు. తవుడు తెప్పించారు. నీటికాకులు వాలకుండా చెరువు మీద కట్టినట్టే పూల్ మీద అడ్డంగా తాళ్ళు లాగించారు. మా ఇంటి చెరువుకి చివరికి చేపలు వచ్చాయన్న కబురు ఊరంతా పాకింది. నవ్వినవాళ్ళే చూడ్డానికి వచ్చారు.

మూయడమంటే అలా మూశాం. నీళ్ళలో నడక లేదు కానీ, పొద్దున్నే మేత వెయ్యాలి. మేత వెయ్యాలంటే పూల్ చుట్టూ తిరగాలి. మొదటి రోజు నా భుజం మీద చెయ్యి వేసి తిరిగారు. తర్వాత కర్ర పట్టుకుని తిరిగారు. చేపలు ఏ మూల తేలుతున్నాయో చూడాలనే ధ్యాసలో కాలి సంగతి మర్చిపోయేవారు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూసి, "ఇదేం పద్ధతండీ?" అని ఆశ్చర్యపోయింది. "చెరువు పద్ధతి" అన్నారు మా వారు, మీసం మీద చెయ్యి వేసి.

పూల్ సామాను చలికాలం దాచిపెట్టాలి కదా. గాలి ట్యూబులూ, తాడూ, క్లోరిన్ డబ్బాలూ పెరటి స్టోర్ రూములో సర్దుతున్నాను. ఆఖర్ని చక్రాల కుర్చీ కూడా తోసుకెళ్ళి డబ్బాల పక్కన పెట్టాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. ఏమంటారో అనుకున్నాను.

"తాళం కూడా వేసెయ్యి" అన్నారు.

పట్టుబడి ముందురోజు మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, ఎందుకైనా మంచిది, కుర్చీ కారులో పెట్టుకు రండి." అలాగే అన్నాను. పెట్టలేదు. ఆకివీడులో కారు దిగి, కర్ర పుచ్చుకుని, మా వారు గట్టెక్కారు. అదే జనం, అవే లారీలు. పోయినసారి పడ్డచోటికి వచ్చేసరికి కాలు తడబడింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా చేతులు చాపారు. ఆయన కర్ర ఎత్తి, దూరంగా ఉండమన్నారు. కాసేపు అలాగే నిలబడి కాలు సర్దుకున్నారు. తర్వాత వల లాగేవాళ్ళ వైపు తిరిగి, నాకు కారు దగ్గరికి కూడా వినపడేలా అరిచారు.

"చూస్తారేమిట్రా నన్ను? వల లాగండి!"